దాటు పక్షం, నిలు పక్షం, ఒక తాబేలు

అనగనగా అనేంత పాత సంగతి కాదిది. ఒక పెద్ద అడవిలో చిప్పమ్మ అనే ముసలి తాబేలు ఉండేది. వయసెంతని ఎవరైనా అడిగితే, "కార్చిచ్చు వచ్చిన ఏడు మా అమ్మ వెనకాల నడక నేర్చుకున్నాను" అని చెప్పేది. ఆ కార్చిచ్చును కళ్ళారా చూసినవాళ్ళు ఆమె తప్ప ఇంకెవరూ మిగల్లేదు. చూడనివాళ్ళు మాత్రం దాని గురించి రోజూ మాట్లాడుకునేవారు.

ఆ అడవిలో రాజకీయమంతా ఆ మంటలోంచే పుట్టింది మరి.

అప్పట్లో మంట కొండ దిగి వస్తుంటే జంతువులు రెండుగా చీలాయి. "వాగు దాటి పోదాం పదండి" అన్నవి కొన్ని. "బొరియల్లో, గుహల్లో నిలుద్దాం, మంట మన మీదుగా పోతుంది" అన్నవి కొన్ని. దాటినవాళ్ళూ బతికారు, నిలిచినవాళ్ళూ బతికారు. దాంతో ఎవరిది ఒప్పో తేలకుండా పోయింది. తేలని తగువు నుంచి దాటు పక్షం, నిలు పక్షం పుట్టాయి.

వాగు అవతల పచ్చిక ఉంది, నేరేడు చెట్లున్నాయి, చల్లటి నీడ ఉంది. దాటినవాళ్ళు అక్కడ హాయిగా కుదురుకున్నారు. "మా తాతలు ఒకసారి దాటారు, ఇక చాలు" అని కదలడం మానేశారు. ఇవతల కాలిపోయిన గట్టున నిలిచినవాళ్ళకు తిండి దొరక్క ఏటా చోటు మార్చుకోవాల్సి వచ్చింది. కొన్నాళ్ళకు దాటు పక్షమంటే కాలు కదపనివాళ్ళు, నిలు పక్షమంటే ఒకచోట నిలవనివాళ్ళు అయ్యారు. పేర్లు మాత్రం ఎవరూ మార్చుకోలేదు. తాతలు పెట్టిన పేర్లు ఎలా మారుస్తారు?

ఇంకో తరం గడిచేసరికి వాగు పూడిపోయి రెండు గట్లూ కలిసిపోయాయి. సభ ఒకటే అయింది. అప్పటి కుర్రకారుని అడిగితే దాటు అంటే తోక పైకెత్తి నడిచేవాళ్ళనీ, నిలు అంటే తోక దించుకుని నడిచేవాళ్ళనీ చెప్పేవారు.

ఇన్ని తరాలలోనూ చిప్పమ్మ ఒక్కటే మాట అంటూ వచ్చింది. వేసవిలో మడుగు తగ్గితే కనుమ అవతలి పెద్ద ఊటకు పోవాలి, తొలకరి పడగానే తిరిగి వచ్చేయాలి. ఇది వాళ్ళమ్మ చెప్పిన మాట. చిన్నప్పుడు ఆ మాటంటే "దాటు పిల్ల" అన్నారు. నడివయసులో అదే మాటంటే "నిలువుల్లో కలిసిపోయింది" అన్నారు. ముసలితనంలో తోక చూసి తేల్చుదామంటే ఆమె తోక చిప్ప కింద ఎక్కడో ఉంది, ఎవరికీ కనపడదు.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. మడుగు చుట్టూ బురద బీటలు తీసింది. దుప్పులు మోకాళ్ళ మీద వంగి తాగాల్సి వస్తోంది. పెద్ద ఊటకు పోదామంటే, కిందటి గాలివానకు కనుమలో వెదురు పొదలు కూకటివేళ్ళతో కూలి దారికి అడ్డంగా పడి ఉన్నాయి. కోతులు ఎగిరి దూకగలవు. పాకేవాళ్ళకూ, నడిచేవాళ్ళకూ దారి లేదు.

ఆ వెదురును తోసిపారేయగల సత్తా ఉన్నది అడవిదున్న గవరయ్యకు. చిప్పమ్మ ముందు అతని దగ్గరికే వెళ్ళింది.

"తోస్తే ఎంతసేపు అవ్వా, పొద్దున మొదలుపెడితే మేతవేళకు అయిపోద్ది" అన్నాడు గవరయ్య. "కానీ సభ తీర్మానం లేకుండా ముట్టుకోను. ఒకసారి దారిలో పడ్డ కొమ్మను పక్కకు జరిపాను. జరిపాడు కాబట్టి నిలు పక్షం అన్నారు కొందరు. దారి బాగుచేశాడు కాబట్టి దాటు పక్షం అన్నారు కొందరు. మా ఇంటావిడ నాతో ఏడాది మాట్లాడలేదు."

"ఆమెది ఏ పక్షం?"

"అది తెలిస్తే రాజీ పడేవాణ్ణి."

సరేనని చిప్పమ్మ సభకు బయల్దేరింది. ఆమె నడకకు సభాస్థలం దూరమే. తోడుగా పక్క బొరియలో ఉండే ఉడుము పట్టయ్య వచ్చాడు. ఇద్దరిదీ పాత స్నేహం. పట్టయ్యది తాతల నాటి నుంచి దాటు పక్షం. అందులో ఏముందని అడిగితే చెప్పలేడు, వదలమంటే వదల్లేడు. ఉడుము జాతి కదా.

సభకు అధ్యక్షుడు పెద్దిరాజు అనే ఎలుగుబంటి. ఏ పక్షం మాట్లాడుతున్నా తల ఊపేవాడు. సగం అంగీకారం, సగం కునుకు. కుడివైపు దాటు పక్షం నాయకుడు జంబుకేశం అనే నక్క కూర్చున్నాడు. ఎడమవైపు నిలు పక్షం నాయకుడు కొండలరావు అనే కొండముచ్చు, కూర్చోకుండా కొమ్మ పట్టుకుని ఊగుతున్నాడు.

"అయ్యలారా, మడుగు అడుగంటుతోంది. గవరయ్య చేత కనుమ తెరిపించండి. ఊటకు పోదాం. మీరందరూ ఆఖరి గుక్క తాగాక బయల్దేరినా చేరతారు. నేను ఇప్పుడు బయల్దేరకపోతే చేరను" అంది చిప్పమ్మ.

జంబుకేశం గొంతు సవరించుకున్నాడు.

"చిప్పమ్మ గారు పెద్దవారు. వారి మాట మీద మాకు గౌరవం ఉంది. కానీ వారు ఏ పక్షం తరపున మాట్లాడుతున్నారో ముందు తేలాలి."

"దాహం తరపున బాబూ."

"అలాంటి పక్షం మన సభలో లేదు" అన్నాడు పెద్దిరాజు కళ్ళు తెరిచి.

కొండలరావు ఊగడం ఆపాడు. "ఇది అచ్చమైన దాటు మాట అధ్యక్షా. కనుమ దాటమంటోంది, విన్నారుగా? దాటు పక్షంవాళ్ళు ఈ ముసలమ్మను ముందు పెట్టి ఆడిస్తున్నారు."

జంబుకేశం లేచి నిలబడ్డాడు. "ఇది మా మీద అభాండం. దాటు పక్షం ఏనాడూ ఎవరినీ ఏదీ దాటమనలేదు. మా పూర్వీకులు దాటారు. ఆ దాటడాన్ని కదలకుండా కాపాడుకోవడమే దాటుతనం. నేను దాటువాణ్ణి కాబట్టే దాటను."

పట్టయ్య తోకతో నేల మీద దబదబా కొట్టాడు. అది అతని చప్పట్లు.

"మరి పోదామని రోజూ అనేది మేమైతే, నిలవమనేది మీరైతే, మమ్మల్ని నిలు అనీ మిమ్మల్ని దాటు అనీ ఎందుకంటారు?" అని నిలు పక్షంలోంచి ఒక అమాయకపు అడవిపంది అడిగింది. ఆ పందిని రెండు పక్షాలవాళ్ళూ కలిసి బయటకు పంపేశారు. అంత ఏకాభిప్రాయం సభలో చాలాకాలంగా కనపడలేదు.

చివరికి దాటు అంటే ఏమిటో తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. దానికి నీళ్ళు, నీడ ఏర్పాటు చేయాలని తీర్మానించారు. మడుగులో మిగిలిన లోతైన మూల వాళ్ళకు ఇచ్చారు.

తిరిగొస్తుంటే పట్టయ్య దారంతా రెండడుగులు ఎడంగా నడిచాడు. బొరియ దగ్గరకొచ్చాక నోరు విప్పాడు.

"అక్కా, నువ్వు నిలువుల్లోకి పోయావని అందరూ అంటున్నారు."

"నేనెక్కడికీ పోలేదు తమ్ముడూ. ఎక్కడున్నానో అక్కడే ఉన్నాను."

"అదే గదా. అక్కడే ఉండేదాన్ని నిలు అనే అంటారు."

"మీ నాయకుడు కూడా అక్కడే ఉన్నానంటున్నాడుగా?"

"ఆయన అక్కడే ఉండటం వేరు" అన్నాడు పట్టయ్య. బొరియలోకి పోయి మొహం అటు తిప్పుకున్నాడు.

అతని నాలుక ఎండిపోయి ఉండటం చిప్పమ్మ చూసింది. పెదవుల పక్కన పొలుసులు లేస్తున్నాయి. ఈ మొండివాడు దాహంతో పోతాడు గానీ పట్టు వదలడనిపించింది. తను ఊటకు చేరలేకపోవడం ఒక ఎత్తు. పక్క బొరియ ఖాళీ కావడం ఒక ఎత్తు. ఆ దిగులుతోనే ఆమెకు ఒక ఉపాయం తట్టింది. నీళ్ళు కావాలంటే ఈ నాయకులు ఇవ్వరు. వీళ్ళకు కావలసిన మాట ఇస్తే, ఆ మాటతోపాటు నీళ్ళూ రావచ్చు.

మర్నాడు జంబుకేశం గుహకు వెళ్ళింది.

"బాబూ, నిన్న నీ మాటలు విన్నాక నాకు బుద్ధొచ్చింది. కాపాడుకోవడమే దాటుతనం అన్నావు. ఆ కనుమ మన తాతముత్తాతల దారి కదా?"

"అవును మరి."

"అందులో పడ్డ వెదురు ఎప్పటిది?"

"కిందటి గాలివానది."

"అంటే పాత దారి మీద కొత్తది వచ్చి పడుకుంది. నీలాంటివాడు నాయకుడై ఉండగా."

జంబుకేశం చెవులు నిక్కపొడుచుకున్నాయి. "వెదురు తీసేయడం కదలడం కిందకు రాదంటావా?"

"దారిని ఎప్పుడూ ఉన్నట్టు ఉంచడం కిందకు వస్తుంది" అంది చిప్పమ్మ.

అక్కడినుంచి ఆయాసపడుతూ కొండలరావు చెట్టు కిందకు వెళ్ళింది.

"నాయనా, నీ పక్షంవాళ్ళు రోజూ కొత్త దారి, కొత్త దారి అంటారు. కనుమలో నడిచి ఎన్నాళ్ళయింది? ఇప్పుడు తెరిస్తే అది కొత్త దారే. దాన్ని నువ్వే తెరిచావని పిల్లాపాపా చెప్పుకుంటారు."

కొండలరావు కొమ్మ మీదనుంచి సర్రున జారి కిందకు వచ్చాడు. "ఈ సంగతి జంబుకేశానికి చెప్పలేదు కదా పిన్నీ?"

"అతనికి కొత్త దారి గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు" అంది చిప్పమ్మ. అది నిజమే.

మళ్ళీ సభ కూడింది. జంబుకేశం లేచి కనుమలోని వెదురును తొలగించాలన్నాడు. కొండలరావు లేచి కనుమలోని వెదురును తొలగించాలన్నాడు. తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ముచ్చెమటలు పోశాయి.

"వాళ్ళు ఒప్పుకుంటున్నారంటే ఇందులో ఏదో ఉంది" అన్నాడు జంబుకేశం.

"ఆ మాట నేను అనబోతున్నాను. నా మాట కూడా లాక్కున్నాడు" అన్నాడు కొండలరావు.

సభ మళ్ళీ చేజారేలా ఉంది. చిప్పమ్మ మెడ బాగా బయటకు చాచింది.

"రెండూ ఒకటి కాదు బాబూ. జంబుకేశం చెప్పింది మార్గ రక్షణ. కొండలరావు చెప్పింది మార్గ విమోచనం. రెండు తీర్మానాలు చేస్తే ఎవరిది వారికి ఉంటుంది."

పేర్లు వినగానే రెండు పక్షాలకూ ప్రాణం లేచొచ్చింది. దాటు పక్షం రక్షణను నెగ్గించి, విమోచనాన్ని ఖండించింది. నిలు పక్షం విమోచనాన్ని నెగ్గించి, రక్షణను ఖండించింది. పెద్దిరాజు రెండింటికీ తల ఊపాడు.

గవరయ్య కనుమ దగ్గర బుర్ర గోక్కుంటూ నిలబడ్డాడు. "రెండిట్లో ఏది చెయ్యమంటావు అవ్వా?"

"రెండూ చెయ్యి నాయనా. కుడికొమ్ముతో రక్షించు, ఎడంకొమ్ముతో విమోచనం చెయ్యి."

మేతవేళకు వెదురంతా లోయలో ఉంది.

చిప్పమ్మ బయల్దేరింది. ముందు పట్టయ్య బొరియ దగ్గర ఆగింది. "తమ్ముడూ, మార్గ రక్షణ మొదలైంది. మీ నాయకుడి తీర్మానం. నువ్వు రాకపోతే బాగుండదు" అంది.

పట్టయ్య మెల్లిగా బయటకొచ్చాడు. "విమోచనం కాదుగా?"

"మన నడకలో విమోచనం ఎక్కడుంది?"

గట్టిగా పాకితే అతను ఆమెకంటే చాలా ముందు చేరేవాడే. కానీ పక్కనే నడిచాడు. మిగతా జంతువులన్నీ వాళ్ళను దాటుకుంటూ పోయాయి. చివరికి ఒక పొద్దున్నే ఊట చప్పుడు వినపడింది. రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు గలగలా వస్తున్నాయి. పట్టయ్య మూతి ముంచి కళ్ళు మూసుకుని తాగుతుంటే చిప్పమ్మ తను తాగడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయింది.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు.

అందరూ నిద్ర లేచేసరికి ఊటకు తూర్పున రక్షణవాళ్ళు, పడమర విమోచనంవాళ్ళు విడివిడిగా మూగి ఉన్నారు. నడిచింది ఒకే దారిన అయినా, ఏ తీర్మానం మీద వచ్చిందీ చెప్పందే ఎవరినీ నీళ్ళ దగ్గరికి రానివ్వడం లేదు. ఒక జింక చిప్పమ్మను కూడా అడిగింది. "నాలుగు కాళ్ళ మీద వచ్చాను తల్లీ" అంటే ఆ జింకకు అర్థం కాలేదు.

ఈలోగా జంబుకేశం, కొండలరావు నీళ్ళ దగ్గర ఎదురుపడ్డారు. ఆ మార్గం పాతదని ఒకరు, కొత్తదని ఒకరు వాదించుకున్నారు. ఆ మాట నీకెవరు చెప్పారంటే నీకెవరు చెప్పారనుకున్నారు. చివరికి ఇద్దరికీ చిప్పమ్మే చెప్పిందని తేలింది.

"అక్కడొక మాట, ఇక్కడొక మాట. దీన్ని తాబేలుతనం అంటారు" అన్నాడు జంబుకేశం.

"అచ్చంగా అదే మాట" అన్నాడు కొండలరావు.

ఆ రోజునుంచి దాటువాళ్ళకు నచ్చనిదల్లా తాబేలుతనం, నిలువాళ్ళకు నచ్చనిదల్లా తాబేలుతనం. నీళ్ళు కలకబారితే తాబేలుతనం. పండు పుల్లగా ఉంటే తాబేలుతనం. చిప్పమ్మ ఎదురుపడితే పిల్లలు పక్కకు తప్పుకునేవారు. పట్టయ్య ఒక్కడే వచ్చి పక్కన కూర్చునేవాడు.

"బాధపడకక్కా" అన్నాడు ఒకసారి.

"వాళ్ళు అన్నందుకు కాదు తమ్ముడూ. మాటలతో గారడీ చేస్తే పని అవుతుందనుకున్నాను. పని అయింది. గారడీ మాత్రం ఆగడం లేదు" అంది చిప్పమ్మ.

చంచలం అని ఒక ఉడుత ఉండేది. ఒక కొమ్మ మీద రెండు క్షణాలు కుదురుగా కూర్చున్నది ఎవరూ చూడలేదు. ఇద్దరు నాయకులూ కలిసి తిట్టేదాంట్లో ఏదో గొప్ప ఉండే ఉంటుందని చంచలానికి తోచింది. వెంటనే తాబేలు పక్షం అని కొత్త పక్షం పెట్టింది. కుర్రకారు ఎగబడి చేరారు. తాబేలుతనం అంటే తొందరపడకపోవడం అనీ, దాటకుండా నిలవకుండా మధ్యలో తలను లోపలికి పెట్టుకోవడం అనీ చంచలం చెట్టుచెట్టుకూ పరిగెత్తి చాటింది.

ఇలా ఉండగా ఒకరోజు ఆకాశంలో నైరుతి దిక్కున నల్లటి మబ్బు లేచింది. ఊట ఉన్నచోటు గిన్నెలాంటి పల్లం. వానలు పడితే నిండిపోతుంది. చిప్పమ్మ ఊట ఒడ్డున కూడిన సభకు వెళ్ళింది.

"తొలకరి వస్తోంది. వెనక్కి పోదాం పదండి" అంది.

జంబుకేశం, కొండలరావు వినపడనట్టు కూర్చున్నారు. చంచలం మాత్రం లేచింది.

"అవ్వా, సభలో తాబేలు తరపున మాట్లాడేది మా పక్షం. అసలైన తాబేలు తొందరపడదు. నీ మాటల్లో తాబేలుతనం కనపడటం లేదు."

"నేను తాబేలునే అమ్మా."

"పుట్టుకతో అయితే చాలదు అవ్వా. సిద్ధాంతం ఉండాలి."

సభలో చాలామంది తల ఊపారు. పెద్దిరాజు అందరికంటే ముందు ఊపాడు.

చిప్పమ్మ వెనక్కి తిరిగి నడక మొదలుపెట్టింది. కాస్త దూరం పోయాక వెనకాల పొలుసుల చప్పుడు వినపడింది. పట్టయ్య.

"మీ పక్షం ఇంకా తీర్మానం చెయ్యలేదుగా?" అంది.

"చెయ్యలేదు" అన్నాడు పట్టయ్య. ఆమె పక్కనే నడిచాడు. పుట్టి బుద్ధెరిగాక అతను ఒక పట్టు వదలడం అదే మొదలు. చిప్పమ్మ ఆ సంగతి గమనించనట్టే నడిచింది. గమనించినట్టు తెలిస్తే మళ్ళీ పట్టుకుంటాడని ఆమె భయం.

వాళ్ళు కనుమ చేరేసరికి వాన జోరందుకుంది. వెనకనుంచి పెద్ద గోల వినిపించింది. పల్లంలో నీళ్ళు కడుపుదాకా వచ్చేసరికి అడవి అడవంతా పరుగున వస్తోంది. జంబుకేశం ఒళ్ళంతా తడిసి, తిరిగి పోవడమే అసలైన రక్షణ అని అరుస్తున్నాడు. కొండలరావు పరుగెడుతూనే, ఇది రెండో విమోచనం అంటున్నాడు. అందరికంటే ముందు గవరయ్య నెత్తి మీద, రెండు కొమ్ముల మధ్య చంచలం ఎక్కి కూర్చుని ఉంది. ముందుగా బయల్దేరాలని తాబేలు పక్షం మొదటినుంచీ చెబుతూనే ఉందని ప్రకటిస్తోంది.

ఇరుకు దారిలో ముసలమ్మ అడ్డంగా కనపడేసరికి గవరయ్య ఆగాడు. మొహమాటంగా తల దించుకున్నాడు. చంచలం మాత్రం కొమ్ముల మధ్యనుంచి వంగి చూసింది.

"అవ్వా, కాస్త పక్కకు జరుగు. తాబేలు పక్షం వెళ్తోంది."

చిప్పమ్మ దారి పక్కకు జరిగింది. పట్టయ్యను కూడా లోపలికి జరగమని కాలితో తోసింది.

"వెళ్ళండి తల్లీ" అంది.

నీతి కావాలని పట్టుబట్టేవారికి: మాట మీద నిలబడాలని పెద్దలంటారు గానీ, నిలబడబోయే ముందు ఆ మాట కదలకుండా ఎవరినైనా గట్టిగా పట్టుకోమనడం మంచిది.